క్షయ క్రిమిని మింగిన కణం దాన్ని ఎందుకు చంపలేకపోతుంది?

ప్రశ్న (అనంతపురం, డిగ్రీ విద్యార్థిని):
తాడిపత్రిలో గ్రానైట్ కోత పనిచేసే మా చిన్నాన్నకు క్షయ ఉన్నట్లు గళ్ల పరీక్షలో తేలింది. అదే ఇంట్లో ఉన్న మా పిన్నికి మాంటూ పరీక్షలో (క్షయ క్రిమి ప్రొటీన్‌ను చర్మంలోకి ఎక్కించి చూసేది) చేయి గట్టిగా పొంగినా, దగ్గు లేదు, ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. మాక్రోఫేజ్ కణాలు క్రిములను మింగి చంపుతాయని చదువుకున్నాను. మరి చిన్నాన్న విషయంలో అవి ఏం చేసినట్లు?

జవాబు (కర్నూలు, మైక్రోబయాలజీ అధ్యాపకుడు):
మింగడం వేరు, చంపడం వేరమ్మా. మింగిన క్రిమి కణంలోపల ఒక సంచిలో ఉంటుంది. జీర్ణరసాలు నిండిన లైసోజోమ్ అనే మరో సంచి వచ్చి దానితో కలిస్తేనే క్రిమి నశిస్తుంది. ఒంటినిండా మైనపు పొర ఉన్న క్షయ క్రిమి ఆ కలయికనే అడ్డుకొని, తనను మింగిన కణంలోనే కాపురం పెడుతుంది. ఈలోగా డెండ్రైటిక్ కణాలనే కాపలా కణాలు క్రిమి శకలాలను లింఫు గ్రంథికి మోసుకెళ్లి సీడీ4 టీ కణాలకు (రోగనిరోధక పోరును నడిపించే తెల్ల రక్తకణాలు) చూపిస్తాయి. క్షయలో ఈ పనికి వారాలు పడుతుంది. అక్కడ తయారైన టీ కణాలు ఊపిరితిత్తులకు చేరి ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత ప్రొటీన్‌ను విడుదల చేశాకే మాక్రోఫేజ్‌కు చంపే సత్తువ వస్తుంది. అప్పటికీ చావని క్రిములను ఈ కణాలన్నీ చుట్టుముట్టి గ్రాన్యులోమా అనే గడ్డలో బంధిస్తాయి. మీ పిన్ని చేతి మీది పొంగు ఆ టీ కణాలు చేరడం వల్ల వచ్చిందే తప్ప, జబ్బుకు రుజువు కాదు. ఇలా క్రిమి అణిగి ఉన్నవారిలో జీవితకాలంలో 5 నుంచి 10 శాతం మందికే జబ్బు బయటపడుతుంది. హెచ్‌ఐవీ వల్ల సీడీ4 కణాలు తగ్గినవారి లెక్క వేరు.

జవాబు (కడప, ఛాతీ వైద్యుడు):
గ్రానైట్ అన్న మాటను దాటిపోకూడదు. ఆ రాతి దుమ్ములోని సిలికాను మింగిన మాక్రోఫేజ్‌లు దెబ్బతిని చచ్చిపోతాయి కాబట్టి, సిలికోసిస్ (ఆ దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు) ఉన్నవారికి క్షయ ముప్పు చాలా ఎక్కువ. మధుమేహం కూడా ముప్పును పెంచుతుంది. ఆయనకు షుగర్ పరీక్ష తప్పక చేయించండి. పిన్నికి నివారణ మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇస్తారు, అడగండి.

ప్రశ్న వేసినవారు:
ధన్యవాదాలు సార్. చిన్నాన్న భుజం మీద క్షయ టీకా బీసీజీ మచ్చ ఉంది. అది కాపాడాలి కదా?

జవాబు (కర్నూలు అధ్యాపకుడు):
మన దేశంలో బీసీజీ టీకాలు 1948లో మన సీమలోని మదనపల్లెలోనే మొదలయ్యాయి. పసిపిల్లలను మెదడు పొరల క్షయ నుంచి అది బాగా కాపాడుతుంది. పెద్దల ఊపిరితిత్తుల క్షయను మాత్రం ఆపలేదని 1968లో తమిళనాడులోని చెంగల్పట్టులో మొదలైన పరిశీలనలో తేలింది.