అప్‌డేట్: సెరటోనిన్ న్యూరాన్లు ఎందుకు తక్కువ వస్తున్నాయంటే

మానవ ఐపీఎస్ కణాల (మామూలు కణాలను వెనక్కి మార్చి చేసిన మూలకణాలు) నుంచి టీపీహెచ్2 (సెరటోనిన్ తయారుచేసే ఎంజైమ్) పాజిటివ్ న్యూరాన్లు చాలా తక్కువ వస్తున్నాయని అడిగాను కదా, తేడా సీహెచ్ఐఆర్ (కణాలు మెదడులో ఏ భాగం వైపు మారాలో నిర్ణయించే రసాయనం) మోతాదులోనే ఉంది. మొదటి వారం ఎస్బీ431542, డీఎంహెచ్1 (కణాలను నాడీకణాల వైపు మళ్లించే రసాయనాలు) చెరో 2 మైక్రోమోలార్, సీహెచ్ఐఆర్ 1.4 మైక్రోమోలార్. మనకు కావాల్సింది వెనుకమెదడు కణాలు; సీహెచ్ఐఆర్ తగ్గితే కణాలు మధ్యమెదడు వైపు, 3కి చేరితే వెన్నుపాము వైపు పోతాయి. కణాల లైన్‌ను (ఏ మూలం నుంచి పెంచిన కణాలో) బట్టి 1.0 నుంచి 2.0 దాకా పక్కపక్క బావుల్లో పరీక్షించాల్సిందే. రెండో వారం ఈ మూడింటికీ ఎస్‌హెచ్‌హెచ్ సీ25ఐఐ అనే సంకేత ప్రొటీన్ 1000 నానోగ్రాములు/మి.లీ. కలపాలి (ఖర్చంతా ఇక్కడే), మూడో వారం ఎఫ్‌జీఎఫ్4 అనే వృద్ధి ప్రొటీన్ 10 నానోగ్రాములు/మి.లీ. కూడా. రెండో వారం చివర హాక్స్ఏ2 (వెనుకమెదడు గుర్తు) ఉండి ఓటీఎక్స్2 (ముందుమెదడు, మధ్యమెదడు గుర్తు) లేకపోతేనే ముందుకెళ్లండి. 5-హెచ్‌టీ (అంటే సెరటోనిన్) స్టెయిన్ ఒక్కటే నమ్మొద్దు: మీడియంలో సీరం ఉంటే అందులోని సెరటోనిన్‌నే కణాలు పీల్చుకుని మెరుస్తాయి. పక్కన టీపీహెచ్2 కూడా చూడాలి.