చెరువు రెండు పంచాయతీల్లో ఉంటే బఫర్ (చెరువు చుట్టూ ఏమీ కట్టకుండా వదిలే జాగా) ఎంత వదలాలి?

నెల్లూరు రూరల్ ఆయకట్టుదారు:
మాకూ పక్క ఊరికీ ఒకటే చెరువు. కట్ట, తూములు మా వైపు, 16 ఎకరాలు. మిగతా 14 ఎకరాలు పక్క పంచాయతీలో. కొత్త మాస్టర్ ప్లాన్ డ్రాఫ్ట్‌లో మా వైపు బఫర్‌కి పచ్చరంగు వేసి, అటు చెరువు అంచుదాకా నివాస జోన్ చూపించారు. "మా భాగం 10 హెక్టార్ల లోపే, 9 మీటర్లు వదిలితే చాలు" అని వాళ్లు తీర్మానం చేశారు. మా పంచాయతీ ఎదురు తీర్మానం చేసింది. ఏది చెల్లుతుంది?

ప్లానింగ్ మిత్ర:
రెండూ చెల్లవండీ. జోన్లు గీసేది పట్టణాభివృద్ధి సంస్థ. తీర్మానం మీ అభ్యంతరానికి జతచేసే కాగితం, అంతవరకే. మీకు బలం ఆంధ్రప్రదేశ్ 2017 బిల్డింగ్ రూల్స్. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకి 30 మీటర్లు, తక్కువైతే 9. పది హెక్టార్లంటే 24.71 ఎకరాలు, మీ చెరువు 30. రూల్లో ఉన్నది చెరువు విస్తీర్ణం, ఊరి వాటా కాదు. అభ్యంతరంలో మొదటి వాక్యం ఇదే రాయండి, కింద రెండు ఊళ్ల సర్వే నంబర్లూ విడివిడిగా ఇవ్వండి. "చెరువును కాపాడండి" అని ఊరికే రాస్తే పక్కన పడేస్తారు.

కలుజు కాడ:
30 మీటర్లు ఎక్కణ్నించి అన్నదే అసలు తగాదా. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు నీటి అంచు నుంచి టేపు పడతారు. అది తప్పు. కలుజు (నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే చోటు) మట్టానికి నీళ్లు నిలిస్తే ఎంతవరకు వస్తాయో అదే ఎఫ్‌టీఎల్, అంటే పూర్తి నీటిమట్టం, కొలత అక్కణ్నించి. దాన్ని ఇరిగేషన్, రెవెన్యూ రెండు శాఖలూ ధ్రువీకరించాలి. ఇరిగేషన్ సెక్షన్ ఆఫీసులో ట్యాంక్ మెమోయిర్ (చెరువు వివరాల రికార్డు), తహసీల్దార్ దగ్గర రెండు ఊళ్ల ఎఫ్‌ఎంబీ (సర్వే నంబర్ల కొలతల పటం), ఆర్‌ఎస్‌ఆర్ (భూమి రకం, విస్తీర్ణం ఉండే పాత రిజిస్టర్) నకళ్లు అడగండి. ఆర్టీఐ పెడితే మండల స్థాయిలో 5 రూపాయలు, జవాబుకి 30 రోజులు. ఆలోపు అభ్యంతరాల గడువు అయిపోవచ్చు కాబట్టి ముందు అభ్యంతరం ఇచ్చి రసీదు తీసుకోండి, రికార్డులు తర్వాత జతచేయొచ్చు.

ఇంకోటి. రెండు గ్రామ నక్షాలను కంప్యూటర్లో కలిపినప్పుడు సరిహద్దు గీతలు అతకవు, రంగు అక్కడే ఆగిపోతుంది. ట్రైజంక్షన్ రాళ్లు (మూడు ఊళ్ల హద్దులు కలిసేచోట పాతినవి) పట్టుకుని ఇద్దరు సర్వేయర్లతో జాయింట్ సర్వే అడగండి. ఎఫ్‌టీఎల్ లోపల శిఖం (చెరువు నిండితే మునిగే భూమి) పట్టాలుంటే వాళ్లు సాగు చేసుకోవచ్చు, ఇల్లు కట్టడానికి అనుమతి రాదు.

ప్లానింగ్ మిత్ర:
పక్క పంచాయతీని శత్రువుగా చూడకుండా ఈ లెక్క చూపించండి. వాళ్ల వైపు చెరువు పక్కన 20 ఎకరాల లేఅవుట్ వేస్తారనుకోండి, అందులో 10 శాతం, అంటే 2 ఎకరాలు ఎటూ ఖాళీ వదలాలి. చెరువు వైపు 250 మీటర్ల హద్దు ఉంటే 30 మీటర్ల పట్టీ 1.85 ఎకరాలు. బఫర్‌ను ఓపెన్ స్పేస్‌లో కలిపి చూపే వీలు రూల్లోనే ఉంది, అందులో 12 అడుగుల నడకబాట కూడా వేసుకోవచ్చు. భూమి రెండుసార్లు పోదు. కాకపోతే లోపలి ప్లాట్ల దగ్గర పార్కుకి దాదాపు ఏమీ మిగలదు, ఆ సంగతి కొనేవాళ్లకి ముందే తెలియాలి.

ఆయకట్టుదారు:
చెరువులోకి నీళ్లొచ్చే వాగు కూడా లేఅవుట్ పడే ఆ భూముల్లోంచే వస్తుందన్నా.

కలుజు కాడ:
అయితే ముందు దాని సంగతి చూడండి. వాగు వెడల్పు 10 మీటర్లు దాటితే అంచు నుంచి 9 మీటర్లు, లోపైతే 2 మీటర్లు వదలాలి. బఫర్ మొత్తం దక్కినా వాగు పూడిస్తే కార్తీక మాసం వానలకి కూడా చెరువు నిండదు, మీ ఆయకట్టు ఎండిపోతుంది. వాగు సర్వే నంబరు, ఎఫ్‌ఎంబీలో ఉన్న వెడల్పు అభ్యంతరంలో వేరే పేరాగా రాయండి.