జింబాబ్వే పెట్రోల్ కూపన్లు (2007-08) దాచేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

గోదారి_కలెక్టర్: జింబాబ్వే డబ్బు విలువ కుప్పకూలినప్పటి వంద ట్రిలియన్ డాలర్ల నోటు అందరి దగ్గరా ఉంది. నాకు కావాల్సింది ఆ టైమ్‌లో నడిచిన పెట్రోల్, డీజిల్ కూపన్లు. ఎక్కడ దొరుకుతాయి, ఒరిజినల్ అని ఎలా తెలుస్తుంది, ఆల్బమ్‌లో ఎలా పెట్టాలి?

హరారే_రిటర్న్: మేం అప్పుడు అక్కడే ఉన్నాం తమ్ముడూ. ఇంటద్దె కూపన్లతోనే కట్టాం. పొద్దున చెప్పిన రేటు సాయంత్రానికి ఉండేది కాదు, ఓనరు జింబాబ్వే డాలర్లు ముట్టేవాడు కాదు, 20 లీటర్ల కూపన్ ఇస్తే మాత్రం వెంటనే జేబులో పెట్టుకునేవాడు. దాని మీద డబ్బు అంకె లేదు, లీటర్లే, అందుకే సున్నాలు ఎన్ని పెరిగినా దానికి ఢోకా లేదు.

నోట్ల_నారాయణ: బంకు ముద్ర పడ్డవి కొనకండి. వాడేసిన సరుకు అది.

పాత_నాణెం: వాడేసిన సరుకేంటండీ? ముద్ర ఉంటేనే అది బంకు దాకా వెళ్ళిందని రుజువు. నా దానికి మూలన ఊదారంగు ముద్ర, మడత మీద ఆయిల్ మరక, సీరియల్ నంబర్‌లో చివరి అంకె కాస్త కిందికి జారింది. నీట్‌గా ఉన్నవి కలర్ ప్రింటర్లో కూడా వస్తాయి.

నోట్ల_నారాయణ: రబ్బరు స్టాంపు చేయించడం ఎంతసేపు? ఇరవై ఏళ్ళుగా నోట్లు గ్రేడింగ్ చేస్తున్నా, నాకు చెప్పకండి. యూవీ లైట్ కింద పెట్టండి, జిరాక్స్ పేపరైతే నీలంగా మెరుస్తుంది.

పాత_నాణెం: కూపన్లన్నీ నోట్లకి వాడే సెక్యూరిటీ పేపర్ మీదే వేశారని మీకెవరు చెప్పారు? అవి రిజర్వ్ బ్యాంక్ నోట్లు కాదు, ఆయిల్ కంపెనీలవి. మెరిసిందని మంచి పీస్ పారేయిస్తారా?

బెజవాడ_కరెన్సీ: 1923 జర్మనీ సంగతి ఒక్కరూ ఎత్తరేంటి! అక్కడా డబ్బు ఇలాగే విలువ పోగొట్టుకుంటే రై ధాన్యం, బొగ్గు, కరెంటు యూనిట్ల లెక్కన కూడా కాగితాలు వేశారు. నేను అవే వెతుకుతున్నా.

హరారే_రిటర్న్: జర్మనీ పక్కన పెట్టండి సార్. 2008 ఆగస్టులో జింబాబ్వే డాలర్‌లో 10 సున్నాలు కొట్టేశారు, 2009 ఫిబ్రవరిలో ఇంకో 12. బ్యాంకు ఖాతాలో 175 క్వాడ్రిలియన్ (175 పక్కన 15 సున్నాలు) జింబాబ్వే డాలర్లు ఉన్నవాళ్ళకి 2015లో చేతికొచ్చింది 5 అమెరికన్ డాలర్లు. మా పక్కింటి టీచర్ గారి జీవితకాలం పొదుపు అందులోనే పోయింది, కూపన్లు కొనిపెట్టుకున్నోళ్ళు బతికారు. మీరేమో ముద్ర గురించి కొట్టుకుంటున్నారు.

సికింద్రాబాద్_శీను: పీవీసీ కవర్లలో మాత్రం పెట్టకండి, కొన్నేళ్ళకి జిగురు పట్టి ఇంకు కవర్‌కి అంటుకుంటుంది. మైలార్ (పారదర్శక పాలిస్టర్) కవర్లు వాడండి. ఆన్‌లైన్లో ఒకడు నాకు కలర్ జిరాక్స్ అంటగట్టాడు, డబ్బులు వెనక్కి ఇవ్వలేదు, వెనకవైపు ఫోటో లేకుండా కొనొద్దు.

నోట్ల_నారాయణ: యూవీలో చూసుంటే ముందే తెలిసేది.

పాత_నాణెం: ఫోటోకి యూవీ ఎలా కొడతారండీ?

గోదారి_కలెక్టర్: హరారే అన్నా, 10 లీటర్ల డీజిల్‌ది మీ దగ్గర రెండోది ఉందా? ముద్ర ఉన్నా పర్లేదు, వెనకవైపు ఫోటో పెట్టండి.