కొత్త లాన్‌కి విత్తనం చల్లాలా, గడ్డి చాపలు పరిపించాలా?

ప్రశ్న
ఇంటి ముందు 60 చదరపు మీటర్ల ఖాళీ నేల ఉందండీ. సగం మంచి ఎండ, సగం చెట్టు నీడ, గేటు వైపు కాస్త వాలు. చాపలు (వేళ్లు, మట్టితో సహా కోసి, చుట్టలుగా చుట్టి అమ్మే పచ్చగడ్డి) తెచ్చి పరిచేస్తే ఒక్క రోజులో పనైపోతుంది, పిల్లలు ఆడుకుంటారు అనిపిస్తోంది, కానీ విత్తనంతో పోలిస్తే ఖర్చు చాలా ఎక్కువ. దేనికి వెళ్లమంటారు?

జవాబు
చాపలు పరిచిన రోజే పచ్చగా కనిపిస్తాయి కానీ ఆ రోజే ఆడుకోనివ్వకండి. వేళ్లు దిగడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఒక మూల పట్టుకుని మెల్లగా లాగండి, లేచి వచ్చేస్తే ఇంకా పట్టలేదన్నమాట. విత్తనమైతే రెండు మూడు నెలలు ఆగాలి.

ఏది వేసినా 10-15 సెంటీమీటర్ల లోతు తవ్వి, రాళ్లు ఏరి, కంపోస్టు కలిపి చదును చేయాల్సిందే. చాపే కదా అని నేను గట్టి నేల మీదే పరిచేశాను. నెల దాటేసరికి అంచులు ఎండి పైకి లేచాయి, ఎత్తి చూస్తే తెల్లటి వేళ్లు మట్టిలోకి దారి దొరక్క చాప అడుగునే అల్లుకుపోయి ఉన్నాయి. చాలా బాధేసింది.

ఇంకో జవాబు
ముందు నీడ సంగతి చూడండి. బెర్ముడా, అంటే గరిక, నీడలో పలచబడిపోతుంది, చాప వేసినా అంతే. విత్తనమైతే, వాతావరణం చల్లగా ఉండే చోట, నీడకి ఓర్చుకునే ఫైన్ ఫెస్క్యూ లాంటి గడ్డి రకం ఎంచుకోవచ్చు.

వాలు మీద మాత్రం చాపలే వేయండి. ఒక్క గట్టి వాన పడితే చల్లిన గింజలన్నీ గేటు దగ్గరికి చేరతాయి. వాలుకి అడ్డంగా, గోడకి ఇటుకలు పేర్చినట్టు అతుకులు తప్పించి పరిచి, చిన్న చెక్క మేకులు దిగ్గొట్టండి. కోసిన 24 గంటల్లోపే పరిచేయాలి. ఆలస్యమైతే చుట్ట లోపల చెయ్యి పెట్టి చూడండి, వేడిగా తగులుతుంది, అక్కడే గడ్డి పసుపుపచ్చగా మారడం మొదలవుతుంది.

ప్రశ్న అడిగినవారు
అయితే వాలుకి చాపలు, చెట్టు కింద విత్తనం. మరి ఎండ పడే భాగానికో?

మొదటి జవాబు ఇచ్చినవారు
అది మీ తీరికని బట్టి. మొలక వచ్చేదాకా పైమట్టి ఆరకూడదు, అంటే రోజుకి రెండు మూడుసార్లు సన్నటి జల్లు. పైపు ధార వదిలితే గింజలన్నీ ఒకచోట కుప్పపడతాయి. రై గడ్డి 5-10 రోజుల్లో మొలుస్తుంది, కెంటకీ బ్లూగ్రాస్‌కి రెండు నుంచి నాలుగు వారాలు. అన్నాళ్లూ పగలు ఇంట్లో ఎవరో ఒకరుంటే విత్తనం చల్లేయండి, లేదంటే అక్కడా చాపలే పరిపించండి. వాటికీ మొదటి రెండు వారాలు రోజూ నీళ్లు పెట్టాలి, మరవకండి.