‘మనీతాస్ దె ప్లాతా’ను తెలుగులో ఏమనాలి?

అడిగినవారు:
పెద్దలకు నమస్కారం. ఫ్లమెంకో (దక్షిణ స్పెయిన్ సంప్రదాయ సంగీతం) గిటారు కళాకారుడు రికార్దో బాలియార్దో మీద ఒక పరిచయ వ్యాసం రాస్తున్నాను. దక్షిణ ఫ్రాన్స్‌లోని సెత్ రేవు పట్టణంలో 1921లో పుట్టాడు. రోమా, అంటే జిప్సీ, కుటుంబం. పుట్టింది బండి ఇంట్లోనే. లోకానికి మాత్రం ఆయన ‘మనీతాస్ దె ప్లాతా’. స్పానిష్‌లో ‘మనో’ అంటే చెయ్యి, ‘మనీతాస్’ అంటే ముద్దుగా చిన్న చేతులు, ‘ప్లాతా’ అంటే వెండి. ‘చిట్టి వెండి చేతులు’ అని రాసి చూసుకుంటే, మొక్కు తీరాక హుండీలో వేసే వెండి చేతులు కళ్లముందు కదిలాయి! దారి చూపించండి.

ఒక సభ్యురాలు:
‘చిట్టి’ వద్దే వద్దండి. చిట్టి చేతులంటే ఉయ్యాలలో పిల్లవాడే గుర్తుకొస్తాడు. స్పానిష్‌లో ఆ ప్రత్యయం ఇక్కడ కొలత చెప్పదు, మురిపెం చెబుతుంది. ఏ పనైనా చేత్తో చక్కగా చేసుకుపోయేవాణ్ణి వాళ్లు ‘మనీతాస్’ అంటారు. దానికి మనకు కష్టపడకుండా దొరికే మాట ఉంది: చెయ్యి తిరిగిన. చెయ్యి తిరిగిన వంటవాడు, చెయ్యి తిరిగిన రచయిత, చెయ్యి తిరిగిన గిటారు విద్వాంసుడు. పొరపాటున ‘చేతివాటం’ అని మాత్రం రాయకండి, ఆయన మీద దొంగతనం మోపినట్లవుతుంది. ‘హస్తవాసి’ని వైద్యులకు వదిలేద్దాం.

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు:
బాగుందమ్మా, కానీ వెండి ఎక్కడికి పోయింది? ఆ పేరులో అసలు రుచి అక్కడే ఉంది. ‘ప్లాతా’ లాటిన్‌లో చదునైన రేకు అనే అర్థం నుంచి వచ్చింది. రేకు కాస్తా వెండి అయింది, దక్షిణ అమెరికాలో డబ్బు కూడా అయింది. ఆయన పెరిగిన ఫ్రెంచి నేల మీద వెండిని ‘అర్జాన్’ అంటారు, డబ్బుకూ అదే మాట. ఆ మాట ధాతువు, మన ‘అర్జున’ శబ్దం ధాతువు ఒక్కటే. రెండింటికీ మూలం తెల్లని మెరుపు. అర్జునుడేమో సవ్యసాచి, రెండు చేతులా బాణం వేసేవాడు! ఇది నా సరదా కొద్దీ కలిపిన ముడి, వ్యాసంలో పెట్టకండి. మన ‘వెండి’ కూడా తెలుపు నుంచి వచ్చిందే, వెన్నెలకు చుట్టం.

ఇంతకీ డబ్బు సంగతి: 1963లో దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆర్ల్ పట్టణంలో, ఒక ప్రార్థనాలయంలో ఆయన గిటారు వాయింపు రికార్డు చేశారు. 1965 డిసెంబరులో న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో కచేరీ. ఆ తరువాత డబ్బు వచ్చింది, వచ్చినట్లే బంధుగణం మీదా కార్ల మీదా ఖర్చైపోయింది. 2014 నవంబరులో 93 ఏళ్ల వయసులో పోయేనాటికి చేతిలో మిగిలింది పెద్దగా లేదు. కాబట్టి వెండి ఉండాలి.

గిటారు నేర్చుకుంటున్న సభ్యుడు:
మేష్టారూ, ‘చెయ్యి తిరిగిన’ అంటే స్పెయిన్ పండితులు కొందరు ఒప్పుకోరు. వాళ్ల ఫిర్యాదు ‘కొంపాస్’ గురించి, అంటే తాళం గురించి. సొలెయా అనే రూపంలో పన్నెండు లెక్కలు ఉంటాయి. 3, 6, 8, 10, 12 దగ్గర ఊనిక. నెమ్మదిగా చప్పట్లు కొట్టి చూడండి. మొదట మూడేసి లెక్కల నడక, తరువాత రెండేసి. లెక్క తప్పకుండా నాలుగు ఆవర్తనాలు కొట్టడానికి నాకు వారం పట్టింది. ఈయన ఆ లెక్కను లక్ష్యపెట్టకుండా తన ఊపులో దూసుకుపోతాడని వాళ్ల నింద. ఆయనకు చదవడం, రాయడం రాదు, సంగీత లిపీ తెలియదు. వింటే నాకూ కొన్నిచోట్ల లెక్క జారినట్లే అనిపిస్తుంది, కానీ ఆ వేళ్ల వేగం ముందు ఫిర్యాదు చేయబుద్ధి కాదు. ఆయన పేరు కూడా చేతులనే మెచ్చుకుంది, తాళజ్ఞానం జోలికి పోలేదు.

అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. వ్యాసం లోపల అసలు పేరే ఉంచుతాను. శీర్షికకు ‘వెండివేళ్ల బాలియార్దో’ అనుకుంటున్నాను. తీగల మీద మనం మెచ్చుకునేది వేళ్లనే కదా. ఇంకొక ముచ్చట: ఆయనతో పాడిన హోసే రేయెస్ కొడుకులు బాలియార్దో ఇంటివాళ్లతో కలిసి బృందం కట్టారు. స్పానిష్‌లో ‘రేయెస్’ అంటే రాజులు. ఇంటిపేరునే ఇంగ్లీషులోకి మార్చుకుని ‘జిప్సీ కింగ్స్’ అయ్యారు, 1987లో ‘బంబోలేయో’ పాటతో ప్రపంచమంతా తిరిగారు. మన రాజుగారి అబ్బాయిలు అమెరికా వెళ్లి ‘కింగ్’ అని బోర్డు పెట్టుకున్నట్లు!

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు:
శీర్షిక బాగుంది, ఒక్క చిక్కు. ‘వేలు’కు బహువచనం వేళ్లు, ‘వేరు’కూ వేళ్లే. బండి ఇంట్లో పుట్టినవాడికి వేళ్లు, అవీ వెండివి అంటగట్టారంటారు.

అడిగినవారు:
అననివ్వండి మేష్టారూ. ఇక మార్చను.