అప్‌డేట్: మెమరీ కార్డు నుంచి బూట్ అవడానికి రెండు నిమిషాలు – కారణం దొరికింది, కార్డుది తప్పు కాదు

లైనక్స్ నడిచే చిన్న కంప్యూటర్ బోర్డు రాస్ప్‌బెర్రీ పై 3, 32 జీబీ మైక్రో ఎస్‌డీ కార్డు. పాత కార్డులోని సిస్టమ్‌ను కొత్త కార్డులోకి క్లోన్ (యథాతథంగా కాపీ) చేశాక బూట్ సమయం 1 నిమిషం 55 సెకన్లకు పెరిగిందని అడిగాను. జర్నల్ లాగ్ (సిస్టమ్ రాసుకునే చిట్టా) మొత్తం చదవమన్నవారికి ధన్యవాదాలు, అసలు విషయం అక్కడే బయటపడింది.

"టైమ్‌డ్ అవుట్ వెయిటింగ్ ఫర్ డివైస్" (డివైస్ కోసం ఎదురుచూసి గడువు ముగిసింది) అనే లైనుకు ముందు సరిగ్గా 90 సెకన్ల ఖాళీ ఉంది. కొత్త కార్డులో స్వాప్ పార్టిషన్‌ను (ర్యామ్ చాలనప్పుడు వాడే భాగం) మళ్లీ సృష్టించడంతో దాని యూయూఐడీ (గుర్తింపు సంఖ్య) మారింది, బూట్‌లో ఏ పార్టిషన్లు వాడాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో మాత్రం పాతదే ఉండిపోయింది. లేని పార్టిషన్ కోసం, బూట్‌ను నడిపించే సిస్టమ్‌డి తన డిఫాల్ట్ గడువు 90 సెకన్లూ ఎదురుచూసి, ఆ తర్వాతే ముందుకు కదిలేది. స్వాప్ కాబట్టి బూట్ పూర్తయ్యేది. అదే ఎఫ్‌స్టాబ్‌లో తప్పనిసరిగా ఉన్న బూట్ లాంటి పార్టిషన్ అయితే ఎమర్జెన్సీ మోడ్‌లో (మరమ్మతు కోసం సిస్టమ్ ఆగే స్థితి) ఆగిపోయేది.

బీఎల్‌కేఐడీ కమాండ్ చూపిన కొత్త యూయూఐడీని ఎఫ్‌స్టాబ్‌లో పెట్టి రీబూట్ చేస్తే 24 సెకన్లు. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో లోడయ్యే తాత్కాలిక ఫైల్ సిస్టమ్) వాడేవాళ్లు, హైబర్నేట్ నుంచి తిరిగి లేవడానికి వాడే రెజ్యూమ్ సెట్టింగ్‌లోనూ పాత యూయూఐడీ మిగిలిందేమో చూడండి.

బూట్‌లో ఏది ఎంతసేపు పట్టిందో చూపే సిస్టమ్‌డి "బ్లేమ్" జాబితాను నమ్ముకుంటే దారి తప్పుతారు, డివైస్ కోసం నిరీక్షించిన సమయం అందులో కనిపించదు. ఏ2 రేటింగ్ (యాప్‌లకు వేగంగా పనిచేసే) కార్డు, ఓవర్‌క్లాక్ (నిర్దేశిత వేగం కంటే ఎక్కువగా నడపడం), పవర్ అడాప్టర్ మార్పు: ఈ సమస్యకు మూడూ అనవసరమే. కార్డు చదివే వేగం ఈ సవరణకు ముందూ తర్వాతా సెకనుకు 22 ఎంబీయే, ఈ బోర్డు గరిష్ఠం ఎలాగూ 25.