హెచ్‌1ఎన్‌1 ఫ్లూతో వచ్చిన ఏఆర్‌డీఎస్‌లో (ఊపిరితిత్తుల్లో నీరు ఊరి ఆక్సిజన్ అందని స్థితి) డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టొచ్చా?

ఐసీయూ చూసేవాళ్లు కాస్త చెప్పండి. కోవిడ్‌లో ఆక్సిజన్ అవసరమైనవాళ్లకి రోజుకి 6 మి.గ్రా., గరిష్ఠంగా 10 రోజులు అన్నది 2020లో రికవరీ అనే క్లినికల్ ట్రయల్‌తో ఖాయమైంది. ఫ్లూకి అదే లెక్క అతికించడానికి మనసొప్పడం లేదు.

గాయం తీరు రెండింట్లో చాలావరకు ఒకటే. వైరస్ గాలిగదుల గోడల్ని, అందులోనూ సర్ఫాక్టెంట్ తయారుచేసే టైప్-2 కణాల్ని దెబ్బతీస్తుంది. గోడ కారి ప్రొటీన్ నీరు లోపలికి ఊరుతుంది, సర్ఫాక్టెంట్ తగ్గి గదులు ముడుచుకుపోతాయి. కానీ ఫ్లూ వెనకే స్టెఫైలోకాకస్, న్యూమోకాకస్ బ్యాక్టీరియా, ఒక్కోసారి ఆస్పర్‌జిల్లస్ ఫంగస్ దిగుతాయి. స్టెరాయిడ్ వాటికి తలుపు తీసినట్టే. పరిశీలనా అధ్యయనాల్లో స్టెరాయిడ్ ఇచ్చినవాళ్లలో మరణాలు ఎక్కువే కనిపించాయి. అయితే జబ్బు ముదిరినవాళ్లకే అది ఎక్కువగా ఇచ్చి ఉంటారు కాబట్టి వాటినీ పూర్తిగా నమ్మలేం.

పేషెంట్ మగ, ఎత్తు 165 సెం.మీ. ఎత్తుని బట్టి లెక్కగట్టిన బరువు 61.5 కిలోలు, కిలోకి 6 చొప్పున టైడల్ వాల్యూమ్ (వెంటిలేటర్ ఒక్కో శ్వాసకి పంపే గాలి) 370 మి.లీ. (మంచం మీద తూచిన బరువు 84 కిలోలు, దాంతో పెడితే 500 దాటేది!) పీప్ (శ్వాస వదిలాక కూడా ఊపిరితిత్తుల్లో నిలిపే పీడనం) 12, ప్లాటో (గాలి నిండి ఆగినప్పటి పీడనం) 28, పీ/ఎఫ్ (రక్తంలోని ఆక్సిజన్‌కి, ఇస్తున్న ఆక్సిజన్ వాటాకి నిష్పత్తి) 110. రోజుకి 16 గంటలు బోర్లా, ఫ్లూ మందు ఒసెల్టామివిర్ 75 మి.గ్రా. రెండుపూటలా.

ట్రాకియల్ కల్చర్ (శ్వాసనాళం స్రావంలో క్రిముల పరీక్ష), గెలాక్టోమానన్ (ఆస్పర్‌జిల్లస్ పరీక్ష) నెగెటివ్ వచ్చేదాకా స్టెరాయిడ్ మొదలుపెట్టకుండా ఆగుతారా? ఇంకోటి, డ్రైవింగ్ ప్రెషర్ (ప్లాటోకి, పీప్‌కి తేడా) 16 ఉంది. ముందు పీప్ 10కి దించి చూస్తారా, లేక రక్తం పీహెచ్ 7.25 దాకా పడిపోయినా ఓర్చుకుని వాల్యూమే కిలోకి 5కి తగ్గిస్తారా?